సీమంకీకి నా మార్కులు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటారు మా కరీంనగర్ వైపు. పొట్ట చేతబట్టుకుని బయల్దేరినవాడికి ఆ మూడే దారులు. రెండో దారిన వచ్చినవాళ్ల పిల్లలం మేం. రాళ్లు మోసి, గోడలు లేపి ఈ నగరాన్ని కట్టిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. అక్కడి ఒక గల్లీలో, చిన్న ఖోలీలో మా సంఘం ఆఫీసు. అందులో 4 జీబీ ర్యామున్న పాత కంప్యూటర్. ఉత్తరాల పని నాది.

"కొత్తది కొందామంటే పైసల్లేవు తమ్మీ. నెట్టూ మెయిలూ దీంట్లనే నడిచేటట్టు ఏదన్న చూడు" అన్నాడు అధ్యక్షుడన్న.

అలా సీమంకీ పెట్టి చూశాను. బ్రౌజర్, మెయిల్, అడ్రస్ బుక్, వెబ్ పేజీలు తయారుచేసే కంపోజర్ అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉంటాయి. దీని వంశం పాతదే. 1997లో నెట్‌స్కేప్ కమ్యూనికేటర్ ఇలాగే ఉమ్మడి కుటుంబంలా వచ్చింది. దాని కోడ్ బయటపెట్టాక మొజిల్లా సూట్ తయారైంది. 2004లో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ వేరుపడ్డాయి. ఉమ్మడి సూట్‌ను ఇక కొనసాగించలేమని మరుసటి ఏడు మొజిల్లా చేతులెత్తేసింది. వాలంటీర్లు వదల్లేదు. 2006 జనవరిలో సీమంకీ 1.0 తెచ్చారు, ఇప్పటికీ వాళ్లే నడుపుతున్నారు.

మెయిల్‌కు పదికి తొమ్మిది మార్కులు. పాప్ పద్ధతి పెట్టుకుంటే ఉత్తరాలు మన డిస్కులోకే దిగుతాయి, నెట్ లేకున్నా చదువుకోవచ్చు. ఒక్కో ఫోల్డరుకు ఒక్కో ఫైలు, అదీ మామూలు టెక్స్ట్. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. తెలుగు ఒత్తులు ఎక్కడా చెదరలేదు. కోశాధికారికో ప్రొఫైలు, నాకో ప్రొఫైలు పెట్టాను. పోయిన ఆ ఒక్క మార్కూ దీనికే: ప్రొఫైలుకు తాళం లేదు, ఫోల్డర్ తెరవడం తెలిస్తే ఎవరైనా చదివేయొచ్చు.

బ్రౌజర్‌కు నాలుగు. 2.53 వరుసకు భద్రతా సవరణలు వస్తున్నా, ఇంజిన్ మాత్రం ఫైర్‌ఫాక్స్ ఎప్పుడో దాటొచ్చినది. సాదా పేజీలు చకచకా తెరుచుకుంటాయి. సంఘం ఖాతా చూద్దామని బ్యాంకు పేజీకి వెళ్తే, ఓటీపీ ఫోనుకు వచ్చింది గానీ అది కొట్టాల్సిన గడి తెర మీదికి రాలేదు. పైగా అన్నీ ఒకే ప్రోగ్రాము కాబట్టి ఏదో బరువైన పేజీ దగ్గర బ్రౌజర్ బిగుసుకుంటే, పక్క కిటికీలో సగం రాసిన ఉత్తరం కూడా కదలదు.

అయినా ఉంచుకోమనే చెప్పాను. కామాఠీపురా పునర్నిర్మాణం ఇప్పుడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. చాళ్లు కూల్చితే జనం తలో దిక్కు పోతారు. అప్పుడు ఎవరు ఎక్కడున్నారో చెప్పేది అడ్రస్ బుక్కే. ఖోలీ కాగితాల గురించి సభ్యులు రాసిన ఉత్తరాలు ఏ కంపెనీ సర్వర్ దయ మీదో కాక మన డిస్కులో ఉండాలి.

"మరి బ్యాంకు పని?" అన్నాడన్న.

"దానికి ఫోనుంది గదనే" అన్నాను. కోశాధికారి మొహం చిట్లించాడు గానీ, పెన్‌డ్రైవ్ కొనడానికి పైసలిచ్చాడు.