అమ్మేది టికెట్టు, చూపించేది పల్లె

లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల పాత పోస్టర్లు చూస్తూ కూర్చున్నా రాత్రి. సొరంగాల్లో తిరిగే రైలుకి ప్రచారమేమో చెట్లు, పొలాలు, పైగా కవిత్వం!

1908లో ఫ్రాంక్ పిక్ అనే ఆయన ప్రచారం పని చేతిలోకి తీసుకున్నాక ఊపందుకుంది ఇదంతా. ఆఫీసుల వేళ దాటితే రైళ్లు ఖాళీ. జనాన్ని ఊరి బయటికి షికారు తిప్పితే నాలుగు డబ్బులొస్తాయని లెక్క. అదే ఏడాది వచ్చిన, గోల్డర్స్ గ్రీన్ అనే లండన్ శివారు పోస్టర్‌లో ఒకాయన తీరిగ్గా పూలమొక్కలకు నీళ్లు పోస్తుంటాడు, వెనక కొత్త ఇళ్లు, తోడుగా విలియం కూపర్ కవిత. అచ్చం రియల్ ఎస్టేట్ బ్రోచరే, కాకపోతే కవిత్వం అసలుది. అది నమ్మి అందరూ అక్కడే ఇళ్లు కట్టుకుంటే ఇక పల్లె ఎక్కడ మిగిలేట్టు?

నన్ను కట్టిపడేసింది మాత్రం 1916 నాటిది. జార్జ్ క్లాసెన్ బొమ్మ, శామ్యూల్ రోజర్స్ కవిత. కొండ పక్కన చిన్న ఇల్లుంటే చాలనే కోరిక అందులో. దాన్ని స్టేషన్లలో అంటించడానికి వేయలేదు. ఫ్రాన్స్‌లో, ఇతర చోట్ల యుద్ధంలో ఉన్న సైనికులకు ఇల్లు గుర్తుచేయడానికి పంపారు. మన ప్రయాణికులు ముఖ్యమైన పనిమీద అక్కడ ఉన్నారు కదా అన్న ధోరణిలో కింద ఓ మాట కూడా రాశారు. కందకాల్లో ఉన్నవాణ్ణి కూడా ప్రయాణికుడిగానే లెక్కేసుకున్న ఆ రైలు కంపెనీ గడుసుదనానికి నవ్వాలో, దండం పెట్టాలో!