వేరే అరలో పెట్టిన మందు

తెలంగాణలో నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క 60.7 శాతం. ఇంతమంది తల్లులకు కోత పడుతున్నప్పుడు నెత్తురు పోకుండా ఏం చేస్తారో చూద్దామని ఒక జిల్లా మాతాశిశు ఆసుపత్రి థియేటర్‌కు వెళ్లాను.

"ముందు మా ఫ్రిజ్ చూడండి మేడం" అన్నారు హెడ్ నర్సు. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. వేడి తగిలినా రంగు మారదు, వాసన రాదు, బలం మాత్రం తగ్గిపోతుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే మే నెలలో ఆ తలుపు మీది ఉష్ణోగ్రత చార్టే తల్లికి కాపలా.

బిడ్డ బయటికి రాగానే మత్తు డాక్టరు ఆ మందును నెమ్మదిగా ఎక్కించారు. గబాలున ఇస్తే బీపీ పడిపోతుంది. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా నెత్తురు చేరుతుంది. మాయ ఊడినచోట తెరుచుకున్న నాళాలు మూతపడాలంటే సంచి కండరం బిగుసుకోవాల్సిందే. సర్జన్ చేత్తో తడిమి, "గట్టిపడింది" అన్నారు.

తడిసిన మాపులను సిస్టర్ త్రాసులో వేశారు. పొడి మాపు బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరు. ఉమ్మనీరు లెక్కలో కలవకుండా సక్షన్ సీసాలో దాని మట్టం ముందే రాసుకున్నారు. కంటి అంచనా తరచూ తక్కువే చెబుతుంది. నా మటుకు ఆ గదిలో అన్నిటికన్నా విలువైన పరికరం ఆ త్రాసే.

నెత్తురు ఆపడానికి ఇచ్చే మరో మందు ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రం మత్తుమందుల దరిదాపుల్లో లేదు. దానికి వేరే అర, పెద్ద అక్షరాల చీటీ. వెన్నులో ఇచ్చే మత్తుమందు యాంప్యూలూ, దీని యాంప్యూలూ ఒకేలా కనిపించే ప్రమాదముంది. పొరపాటున ఇది వెన్నులోకి వెళ్తే మూర్ఛలొచ్చి ప్రాణమే పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీద హెచ్చరిక జారీ చేసింది.

కాన్పులో నెత్తురు పోయి చనిపోయే తల్లుల కోసమే జపాన్ వైద్యురాలు ఉటాకో ఒకమోటో, భర్త షోసుకేతో కలిసి 1962లో ఈ మందును వెలుగులోకి తెచ్చారు. 21 దేశాల్లో 20,060 మంది తల్లుల మీద జరిగిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. మూడు గంటల్లోపు మందు అందినవాళ్లలో నెత్తురు పోయి చనిపోవడం దాదాపు మూడో వంతు తగ్గింది. ఆ కబురు వినడానికి ఆమె లేరు. అంతకు ముందటేడే కన్నుమూశారు.

"అయితే ఆపరేషన్ అయిన అందరికీ ముందే ఇచ్చేయొచ్చు కదా?" అన్నాను.

"లేదమ్మా. అమెరికాలో 11,000 మంది సిజేరియన్ తల్లులకు అలా ఇచ్చి చూశారు. చావుల్లో, రక్తం ఎక్కించాల్సి రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2023లో తేలింది. నెత్తురు పోతోందని తెలిసిన నిమిషాన ఇవ్వాలి. అందుకే ఆ త్రాసు" అన్నారు సర్జన్.

చిన్న ఆసుపత్రుల నుంచి 108లో వచ్చే తల్లుల గురించే ఆమె బెంగంతా. అక్కడే ఒక గ్రాము ట్రానెగ్జామిక్ యాసిడ్ నరానికి పది నిమిషాల్లో ఇచ్చి, ఇచ్చిన టైము కేస్ షీటు మీద రాసి పంపమని ఫోనులో చెబుతారట. అరగంట తర్వాత కూడా నెత్తురు ఆగకపోతే రెండో డోసు ఇవ్వాలి. ఆ టైము తెలియకపోతే ఇక్కడున్నవాళ్లు లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెడతారు?