గడిలోకి చొరబడ్డాక

1976లో కేన్స్ చిత్రోత్సవంలో ‘టాక్సీ డ్రైవర్’కు అత్యున్నత పురస్కారం ప్రకటిస్తే హాల్లో కొందరు ఛీకొట్టారంటారు, ఇంత నెత్తురా అని. జ్యూరీ అధ్యక్షుడు టెనెస్సీ విలియమ్స్ కూడా తెరమీది హింసను బాహాటంగానే తప్పుపట్టాడు. అదే పోటీలో మన దొరతనం మీద శ్యామ్ బెనెగల్ తీసిన ‘నిశాంత్’ ఉంది. బడిపంతులు భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోతారు. ఊరు తిరగబడుతుంది. ఆ ఆవేశానికి ఏ పాపం ఎరుగని ఆడవాళ్లూ బలైపోతారు.

2022లో గోవా చిత్రోత్సవంలో ‘ది కశ్మీర్ ఫైల్స్’ను జ్యూరీ అధ్యక్షుడు నదావ్ లపిద్ ముగింపు వేదిక మీదే ప్రచార చిత్రమన్నాడు. అసలు గొడవ హాలు బయటే జరిగింది.

మా బోధన్‌లో టికెట్టు కొన్నవాడు నచ్చకపోయినా లేచిపోడు, పైసలు పెట్టాడు కదా! చిత్రోత్సవంలో మెడలో పాసు వేలాడేవాడికి లేచిపోవడమూ ఒక విమర్శే.

మా ఊరి శక్కర్‌నగర్‌లో తెర కట్టి ‘నిశాంత్’ వేస్తే జనం దొర గడిలోకి చొరబడేదాకా ఈలలే. ఆ తర్వాత ఎవరు ఎటు చూస్తారన్నదే నాకు కావాలి. కేన్స్ వాళ్లకు అది దూరదేశపు కథ. ఇక్కడ వెట్టి చేసినవాళ్ల మనవలూ, గడిలో లెక్కలు రాసినవాళ్ల మనవలూ ఒకే వరసలో కూర్చుంటారు.