బొమ్మ చూసి బొమ్మల వెంట పడ్డవాడి కథ

మా వూళ్ళో సినిమాని 'బొమ్మ' అంటారు. 'బొమ్మ పడిందా?' అంటే ఆట మొదలైందా అని. 'బొమ్మెట్లుంది?' అంటే సినిమా బాగుందా అని. అంచేత ఏడేళ్ళ వయసులో నేనొక బొమ్మ చూశాననీ, ఆ బొమ్మలో చూసిన బొమ్మల కోసం ముప్ఫయ్యేళ్ళుగా తిరుగుతున్నాననీ చెబితే పాఠకులు తికమక పడకూడదు!

ఆ బొమ్మ పేరు 'జురాసిక్ పార్క్'. 1993 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. మరుసటేడు హిందీ మాటలు తొడుక్కుని మన దేశానికొచ్చింది. మా బెల్లంపల్లి దాకా నడిచి వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. మా బాపు సింగరేణి బొగ్గుగనిలో పనిచేసేవాడు. ప్లేడే నాడు (గనుల వూళ్ళల్లో వారం సెలవుని అలాగే అంటారు లెండి) సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని మ్యాట్నీకి తీసుకెళ్ళాడు. అది నేల, అది బెంచీ, ఇంటర్వెల్‌లో పల్లీలు. మొదటి గంటసేపు జనం విసుక్కున్నారు. 'రాకాసిబల్లి ఏదిరా?' అని ఒకాయన తెర మీదికి కేకేశాడు. అప్పుడు మొదలైంది వాన. కారులో గ్లాసు, గ్లాసులో నీళ్ళు, నీళ్ళ మీద వలయాలు... తెగిన కంచె దాటుకుని టిరనోసారస్ బయటికొచ్చి అరిచేసరికి హాలంతా గప్‌చిప్. రెండు క్షణాలాగి వెనక నుంచి ఎవరో ఈల వేశారు చూడండి! అంతటి రాజసంతో రంగప్రవేశం చేసిన హీరోని నేను మళ్ళీ చూడలేదు.

పెద్దయ్యాక తెలిసిన సంగతేమిటంటే, 127 నిమిషాల ఆ చిత్రంలో డైనోసార్లు కనిపించేది ఇంచుమించు 15 నిమిషాలే! అందులోనూ కంప్యూటరు గీసినవి ఆరు నిమిషాల దరిదాపు. మిగతా అంతా స్టాన్ విన్‌స్టన్ బృందం నురగ రబ్బరుతో, లోపల యంత్రాలు పెట్టి తయారుచేసిన బొమ్మలే. వాన సీను తీస్తున్నప్పుడు ఆ నిలువెత్తు టిరనోసారస్ ఒంటి రబ్బరు నీళ్ళు పీల్చుకుని బరువెక్కి గజగజ వణికేదట. షాటుకీ షాటుకీ మధ్య తువ్వాళ్ళు పట్టుకుని దాని ఒళ్ళు తుడిచేవాళ్ళట. ఇక దాని అరుపు సంగతి: శబ్దగ్రాహకుడు గ్యారీ రైడ్‌స్ట్రామ్ ఏనుగు పిల్ల ఘీంకారానికి పులి గాండ్రింపు, మొసలి గుర్రు కలిపి వండిన పులుసు అది. అంతకు ముందు 1933లో వచ్చిన 'కింగ్ కాంగ్'లోనూ అంతే కదా! విల్లిస్ ఓబ్రయన్ జానెడు బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకీ వెంట్రుకవాసి కదిలిస్తూ డైనోసార్లకి ప్రాణం పోశాడు. అంటే, తెర మీది రాకాసిబల్లి మొదటినుంచీ బొమ్మే. నాకున్నది పిచ్చే అయితే, అది ఆ మహానుభావులందరికీ వున్న పిచ్చే.

సినిమా చూసొచ్చిన నాటినుంచి బాపుని పీక్కు తిన్నాను. ఆ ఏడు జాతరలో ఒక పచ్చ రబ్బరు డైనోసార్ కొనిచ్చాడు. అయిదు రూపాయలు. అది ఏ జాతిదో చెప్పడం బ్రహ్మ తరం కాదు. తల టిరనోసారస్‌ది, వీపు మీద స్టెగోసారస్ పలకలు, మొహంలో మాత్రం మా పక్కింటి మేక పోలిక. నెల తిరక్కుండా తోక వూడింది. నేను ఏడుస్తుంటే బాపు సైకిలు పంక్చర్ల సొల్యూషన్ రాసి, పైన ట్యూబు ముక్క చుట్టి అతికించాడు. ఆ తోక ఇప్పటికీ వూడలేదు. మిగతా బొమ్మే పగిలిపోవడానికొచ్చింది.

ఇప్పుడు నా బీరువాలో నూట నలభై పైన వున్నాయి. వొంటరివాణ్ణి కాను సుమా! హైదరాబాదులో మేం అయిదుగురం. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకావిడ పళ్ళ డాక్టరు, ఒకాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఒక ఇంజనీరింగు కుర్రాడు, నేను. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. నియమం ఒకటే. కొత్తగా కొన్న బొమ్మని గుడ్డ కప్పి తేవాలి. టీ అయ్యాకే గుడ్డ తియ్యాలి. ఆ గుడ్డ తీసే క్షణం వుందే, అది మొదటిరోజు మొదటి ఆటకి తెర లేచినట్టుంటుంది.

తర్వాత విమర్శ. మీ సినిమా విమర్శకులు మా ముందు దిగదుడుపే! మాస్టారు ముందు తోక చూస్తారు. పాతకాలపు బొమ్మల్లో తోక నేల మీద ఈడుస్తూ, ఒళ్ళు నిటారుగా వుంటుంది, కంగారూలాగా. 1970ల తర్వాత శాస్త్రజ్ఞులు దాన్ని కొట్టేశారు. వెన్నెముక నేలకి సమాంతరంగా వుండాలి, తోక గాల్లో తేలాలి. ఇంజనీరింగు కుర్రాడు అరచేతులు చూస్తాడు. అవి చప్పట్లు కొట్టే మనిషి చేతుల్లా ఒకదానికొకటి ఎదురుగా వుండాలి, నేలవైపు వేలాడితే మార్కులు పోయినట్టే. సినిమాలో వెలోసిరాప్టర్‌కి తప్పు అదొక్కటే కాదు. నిజమైనది టర్కీకోడి పరిమాణం, పైగా ఈకలున్నది. దాని ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలున్నాయని 2007లో తేలింది. ఇక డాక్టరమ్మ వృత్తిధర్మం తప్పకుండా నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడుతుంది. టిరనోసారస్ పళ్ళు మొసలికిలా బయటికి కనపడవు, పెదవులు కప్పి వుంచేవి అని 2023లో ఒక పరిశోధన వచ్చినప్పటినుంచీ ఆవిడకి పట్టపగ్గాల్లేవు. మా బీరువాల్లోని సగం టిరనోసారస్‌లు ఆవిడ లెక్కలో ఫెయిలు.

జర్మనీ ష్లైష్ వాళ్ళ బొమ్మ గట్టిది, పిల్లాడు విసిరికొట్టినా చెక్కుచెదరదు. ఫ్రాన్సు పాపో వాళ్ళది ముడతముడతా చెక్కినట్టుంటుంది, వాళ్ళ టిరనోసారస్‌ని చూస్తే సినిమా బల్లే కళ్ళముందు కదులుతుంది. చైనా పి.ఎన్.ఎస్.ఓ. వాళ్ళది శాస్త్రానికి దగ్గర, జేబుకి దూరం. దిగుమతి సుంకం కూడా తోడయింది మరి! బొమ్మల మీద 20 శాతం వున్నది 2020లో 60కి, 2023లో 70కి ఎక్కింది.

ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి.

మూడేళ్ళ క్రితం నేనొక టిరనోసారస్ తెప్పించాను. ఆరు వేల మూడొందలు. నాలాంటి కాలమిస్టుకి అది ఎన్ని వ్యాసాల పారితోషికమో లెక్కేస్తే మీకు జాలేస్తుంది. అప్పుడే బాపు వూరినుంచి వచ్చివున్నాడు. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయింది. 'ఎంతరా బిడ్డా గిది?' అన్నాడు బొమ్మని తిప్పి చూస్తూ. నోట్లోంచి అలవోకగా వచ్చేసింది: 'ఆరొందలు బాపూ.' ఆరొందలకే ఆయన 'అబ్బో' అని బొమ్మని జాగ్రత్తగా కింద పెట్టాడు.

బిల్లు మాత్రం అట్టపెట్టె అడుగునే వుండిపోయింది. మర్నాడు ఆ పెట్టెలో పాతకాగితాలు సర్దబోతూ చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 'నా పింఛను గింత లేదురా' అని ఒక్కమాటన్నాడు. నాలుగు రోజులుంటానని వచ్చినవాడు ఆ సాయంత్రమే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు. స్టేషనులో నేను కొనిచ్చిన నీళ్ళ సీసాకి కూడా డబ్బులు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ ఇరవై రూపాయల నోటు చాలారోజులు నా చొక్కా జేబులోనే తిరిగింది. ఖర్చు పెట్టబుద్ధి కాలేదు.

ఏడెనిమిది నెలలు ఫోన్లో 'తిన్నవా, తిన్న' తప్ప మాటల్లేవు. తర్వాత కంటి పరీక్షకని మళ్ళీ వచ్చాడు. డాక్టరు దగ్గర సాయంత్రం నంబరు. మధ్యాహ్నమంతా ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. బిర్లా సైన్సు మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడి డైనోసార్ అస్థిపంజరం మీకు తెలిసేవుంటుంది. కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పొడవు ఇంచుమించు 9 మీటర్లు. దాని మెడ కిందే నేను ఎన్నోసార్లు నిలబడ్డాను. బాపు మాత్రం ఎముకల్ని చూడలేదు. పేరు కూడబలుక్కుని చదివి, నావైపు తిరిగాడు.

'యామన్‌పల్లి అంటే మన వేమన్‌పల్లి దిక్కుదేనా?'

'అదే బాపూ. మన జిల్లానే.'

'ఓరినీ! నాతోటి కోల్‌ఫిల్లర్ చేసినాయన ఆ దిక్కోడేరా! పొలంల పెద్దపెద్ద బొక్కలెల్లినయంటే మేం నమ్మలే. కల్లు తాగి చెప్తున్నడనుకున్నం.'

నాకు తెలిసిందంతా చెప్పాను. 1970ల ఆఖర్లో జియలాజికల్ సర్వే వాళ్ళు అక్కడ 840 ఎముకలు తవ్వి తీశారనీ, అవి ఒక్కదానివి కావు, కనీసం 12 జంతువులవనీ, 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడనీ, 'కోట' అంటే ప్రాణహిత ఒడ్డున వున్న వూరి పేరనీ చెప్పాను. ఆ చుట్టుపక్కలే పోచంపల్లి దగ్గర అంతకు ముందు ఇంకోటి దొరికితే, అది రవీంద్రుడి శతజయంతి సమయం కాబట్టి దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టి కలకత్తాలో నిలబెట్టారని కూడా చెప్పాను. బాపు అన్నీ విని, 'బొగ్గు పాతదా, ఇది పాతదా?' అన్నాడు. బొగ్గే పాతది, పాతిక కోట్ల సంవత్సరాల పైమాట, ఇది 18 కోట్ల దరిదాపు అన్నాను. కాసేపాగి, 'అయితే నేను ముప్ఫయ్యేండ్లు తవ్వింది దీని తాతల నాటి అడివన్నట్టు' అని నవ్వాడు. నాతో నవ్వి ఎన్నాళ్ళయిందో!

బయటికొచ్చాక అడిగాడు. 'నీ బీరువల ఇది లేదేంది?'

నిజమే, లేదు. అమెరికా బల్లులు, చైనా బల్లులు, అర్జెంటీనా బల్లులు అన్నీ వున్నాయి. మా జిల్లాది లేదు. ఎంత వెతికినా నాకు కొనడానికి దొరకలేదు. ఆ మాట చెబితే బాపు నన్ను చిన్నప్పుడు తోక అతికించేటప్పుడు చూసిన చూపు చూశాడు. 'నిర్మల్ల బొమ్మలు జేస్తరు గద!'

నా బుర్రకి తట్టనే లేదు చూడండి! కిందటి చలికాలంలో ఇద్దరం నిర్మల్ వెళ్ళాం. అక్కడొక పెద్దాయన పొనికి కర్రతో పళ్ళూ, పక్షులూ, జింకలూ చేస్తాడు. నేను తీసుకెళ్ళిన అస్థిపంజరం ఫోటోలని తిరగేసి, 'సారూ, దీని తలకాయ సక్కగ లేదు' అన్నాడు. ఆయన కన్ను మామూలు కన్ను కాదు! కోటసారస్ పుర్రె దొరకలేదు, దొరికింది రెండు పళ్ళే. మ్యూజియంలో వున్న తల వూహించి పెట్టిందే. 'తలకాయ తెల్వకుండ బొమ్మెట్ల చేసేది?' అన్నాడాయన. దాని చుట్టాల తల ఇలా వుండేదని నేను గీసి చూపించాను. బాపు ఆయన పక్కనే పీట మీద కూర్చుని, కర్ర చెక్కడం దగ్గర్నుంచి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపి అతుకులు మూసేదాకా చూశాడు. పంక్చర్ సొల్యూషన్ సంగతి కూడా ఆయనకి చెప్పాడు. 'కాళ్ళు సన్నంగ తియ్యి అన్నా' అని బాపు, 'నిలవడది' అని ఆయన, ఇద్దరూ ఒక గంట వాదించుకున్నారు. రంగు దగ్గర మాత్రం బాపు నా మాట కూడా విన్లేదు. మసిబొగ్గు రంగు, కడుపు కింద మాత్రం తెలుపు. వెయ్యిన్నూటయాభై రూపాయలైంది. బాపే ఇచ్చాడు.

మొన్నటి ఆదివారం గుడ్డ తీశాను. ఆవేళ బ్యాంకాయన కొత్త పి.ఎన్.ఎస్.ఓ. బొమ్మ తెచ్చాడు, ఫ్యాక్టరీ వాసన కూడా పోలేదు. దాని పక్కన నా నల్ల బొమ్మని నిలబెట్టేసరికి ఒక్క క్షణం గది గప్‌చిప్. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని తోక చూశారు, పాసు. కుర్రాడు టేపు తీసి కొలిచాడు, ఇంచుమించు ఒకటికి ముప్ఫయ్యోవంతు, పాసు. 'రెండే పళ్ళున్న పేషెంటుని మొదటిసారి చూస్తున్నా' అంది డాక్టరమ్మ. బ్యాంకాయన చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. 'తేలిగ్గా వుంది' అన్నాడు. 'నాకొకటి చేయిస్తావా?' అన్నాడు. మిగతా ముగ్గురూ కూడా అదే అన్నారు. పెద్దాయనకి పొనికి కర్ర దొరకడమే కష్టంగా వుందట, అయినా అడిగి చూస్తానన్నాను.

రాత్రి బాపు తనే ఫోను చేశాడు.

'చూపెట్టినవా? ఏమన్నరు?'

'బాగుందన్నారు బాపూ. కాళ్ళు మాత్రం కొంచెం లావయినయ్యన్నారు.'

'నేను జెప్పలే?' అన్నాడు బాపు. 'నేను జెప్తే ఆ పెద్దమనిషి వింటేనా!'