అమ్మకి చదివి వినిపించిన మాన్యువల్

మాన్యువళ్ళకి ఎవరూ సమీక్షలు రాయరు. రాయాల్సినంత విషయం మాత్రం వాటిల్లో ఉంటుంది. 2022 చివర్లో ఆస్టిన్‌లో మా ఇంటి వెనక పేషియో కోసం ఒక ప్రొపేన్ హీటర్ కొన్నాను. రెస్టారెంట్ల బయట పుట్టగొడుగులా నిలబడి ఉంటుందే, ఆ రకం. దాంతో వచ్చిన పుస్తకాన్ని రెండుసార్లు చదివాను: ఒకసారి నాకోసం, ఒకసారి పైకి, తెలుగులో, అమ్మకోసం.

అమ్మది తెనాలి. సాయంత్రం అయిదయ్యేసరికి వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఆవిడ నలభై ఏళ్ళ అలవాటు. ఆరు నెలలుందామని వచ్చిన మనిషి డిసెంబరు చలికి తలుపులు బిగించిన ఇంట్లో కూర్చుని "ఇది ఇల్లా, ఫ్రిజ్జా?" అంటోంది. హీటర్ అందుకే. కానీ గ్యాస్ బండ మీద ఆరడుగుల పైన మంట అనగానే, అందులో ఏం రాశారో మొత్తం చెబితేగానీ దాని పక్కన కూర్చోనంది.

మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. అమెరికన్ మాన్యువళ్ళలో డేంజర్, వార్నింగ్, కాషన్ అనే మూడు మాటలు ఇష్టమొచ్చినట్టు వాడరు. డేంజర్ అంటే ఆ పని చేస్తే ప్రాణం పోతుంది, లేదా తీవ్రంగా గాయపడతారు. వార్నింగ్ అంటే అలా జరగొచ్చు. కాషన్ అంటే చిన్నదో ఓ మోస్తరుదో దెబ్బ తగలొచ్చు. మూడు మెట్లు. తెలుగులో నాకు దొరికినవి ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ కిందా 'ప్రమాదం' అనే రాస్తాం, రోడ్డు మలుపులోనూ అదే రాస్తాం. నేను ఇలా తంటాలు పడుతుంటే అమ్మ అంది: "చస్తావు, చావొచ్చు, వేలు కాలుద్ది. అంతేగా?" అంతకంటే మంచి అనువాదం నేనైతే చెయ్యలేను.

బిగించే భాగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కింద దిమ్మ, దానికి చక్రాలు, మధ్యలో గొట్టం, పైన బర్నరు, దాని మీద రేకు టోపీ. బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టి, నిటారుగా నిలబడిందని చూసుకున్నాక ఒకేసారి బిగించాలి. టోపీ రేకుల మీద అంటించిన ప్లాస్టిక్ పొర ఒలిచెయ్యాలి. దిమ్మలో నీళ్ళో ఇసకో నింపాలి. బరువంతా పైనే ఉన్న వస్తువు కదా, గాలికి తూలి పడకూడదు. పడినా గ్యాస్ ఆగిపోయేలా లోపల ఒక స్విచ్ ఉంటుంది.

అమ్మకి ఆసక్తి వచ్చింది బండ దగ్గర. ఇక్కడి బండలో 20 పౌన్లు, అంటే సుమారు 9 కిలోలు. పూర్తి మంట మీద ఈ హీటర్ గంటకి 46,000 బీటీయూలు తాగుతుంది, అంటే పదమూడు కిలోవాట్ల పైమాటే. మన వంటింటి పొయ్యిలో ఆరేడు బర్నర్లు ఒకేసారి వెలిగించినట్టు. తొమ్మిది, పది గంటలకి బండ ఖాళీ. "పది గంటలకి ఒక బండా!" అని అమ్మ కాసేపు నోరు మూయలేదు. తెనాలిలో 14.2 కిలోల బండని నెలన్నర లాగే మనిషి మరి. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాసు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చలిదేశాల్లో ఆరుబయట అదే పనికొస్తుంది.

రెగ్యులేటర్ చేత్తోనే బిగించి, సబ్బునీళ్ళు రాసి, బుడగలొస్తున్నాయేమో చూడమని మాన్యువల్ ఓ పేజీ ఖర్చుపెట్టింది. ఆ పేజీ నేను తిప్పేలోపే అమ్మ గిన్నెలో నురగ కలుపుకొచ్చింది. పంక్చరు షాపువాడు ట్యూబుని నీళ్ళలో ముంచి చూసినట్టు అతుకు అతుకూ చూసింది. తర్వాత ముక్కు పెట్టి వాసన చూసింది. గ్యాసుకి అసలు వాసన ఉండదని, కారితే తెలియడానికి ఆ కుళ్ళు వాసన కావాలనే కలుపుతారని చెబితే మెచ్చుకుంది. ప్రొపేన్ గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది కాబట్టి కింద కూడా వాసన చూడమన్నారంటే, మోకాళ్ళ నొప్పులతోనే వంగి చూసింది.

వెలిగించేటప్పుడు నాబ్‌ని అరనిమిషం నొక్కి పట్టుకోవాలి. మంట పక్కనే థర్మోకపుల్ అని చిన్న కడ్డీ ఉంటుంది. అది వేడెక్కితే కొన్ని మిల్లీవోల్టులు పుడతాయి, ఆ కాస్త కరెంటే వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. గాలికి మంట ఆరితే కడ్డీ చల్లబడి వాల్వ్ మూసుకుంటుంది. మేం సర్వర్లకి హార్ట్‌బీట్ పెట్టి మురిసిపోతాం గానీ, ఇక్కడ ఒక్క లైను కోడ్ లేకుండా అదే పని జరుగుతోంది.

ఇంతవరకూ మాన్యువల్‌కీ అమ్మకీ పేచీ లేదు. పేచీ అంతా డేంజర్ అని రాసిన ఒక్క వాక్యం దగ్గర: ఆరుబయట మాత్రమే వాడాలి. "లీకు లేదని చూశాంగా, మరీ చలైతే హాల్లోకి లాగి కిటికీ తీస్తే చాలదా?" అంది. చాలదు. మూసిన గదిలో మంట ఆక్సిజన్‌ని తినేస్తుంది, తగ్గేకొద్దీ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌కంటే రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత లేవరు. దానికి వాసన ఉండదు, ఎవరూ కలపరు కూడా. ఇదంతా చెప్పాను. అమ్మ ముక్కు వంక వేలు చూపించి "నాకు తెలీకుండా ఎట్టా?" అంది.

కాసేపాగి తనే అడిగింది: "కుంపటి మీద పడుకోవడం లాంటిదా?" బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తే తల దిమ్మెక్కుతుందని, తలుపు ఓరగా తీసి ఉంచి, పడుకునే ముందు కుంపటి బయట పెట్టాల్సిందేనని అమ్మమ్మ గొడవ చేసేదట. అచ్చంగా అదే, కాకపోతే ఈ కుంపటికి ఓరగా తీసిన తలుపు సరిపోదు అన్నాను. ఒప్పుకుంది.

2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో మంచువాన కురిసింది. చెట్లు ఐసు బరువుకి విరిగి తీగల మీద పడ్డాయి. మాకు కరెంటు పోయింది. 2021లో ఇలాగే కరెంటు పోయినప్పుడు టెక్సస్‌లో గ్రిల్లులూ, జనరేటర్లూ, గరాజ్‌లో కార్లూ నడిపి వెచ్చబడదామనుకున్నవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయారు. రెండో రాత్రి మా వీధిలోనే ఉండే తెలుగువాళ్ళు ఫోన్ చేశారు. ఇంట్లో ఎనిమిది నెలల పాప. మీ హీటర్ ఒక్క రాత్రికి ఇస్తారా, హాల్లో పెట్టుకుంటాం, కిటికీ తీసే ఉంచుతాం అని. చలికి వణుకుతున్న పాప ఉన్న ఇంటికి లేదని ఎలా చెప్పాలో నాకు తోచలేదు. అమ్మ ఫోన్ లాక్కుంది.

"ఇవ్వనమ్మా. పాపని తీసుకుని మీరే రండి. అది కుంపటి, ఇంట్లో పెట్టుకుంటే పొద్దున్నకి ఎవరూ లేవరు." ఆ అమ్మాయి ఇంకేదో అడిగినట్టుంది. "వాసనొస్తే నేనే కనిపెట్టేదాన్ని, రాదు. అందుకే వద్దంటున్నా" అంది.

వచ్చారు. ఒకే గదిలో ఆరుగురం, ఉన్న రగ్గులన్నీ కప్పుకుని, పాపని మధ్యలో పడుకోబెట్టుకుని రాత్రి గడిపాం. నిద్ర సరిగ్గా పట్టలేదెవరికీ. హీటర్ బయటే ఉంది, టోపీ అంచు చుట్టూ ఐసు వేళ్ళాడుతూ. కరెంటొచ్చాక ఆ అమ్మాయి మాన్యువల్ ఫొటోలు పంపమంది, వాళ్ళూ ఒకటి కొనుక్కుంటారట. ఫొటోలతో పాటు అమ్మ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ కూడా పంపింది. నాలుగు నిమిషాలుంది. చస్తావు దగ్గర మొదలుపెట్టింది.