అన్నము సరే, చోటు మాటేమి?

శాంతాక్లారా లోయలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు దానబుద్ధి తక్కువయని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను. పిల్లవాని పుట్టినరోజునకో, పెద్దల ఆబ్దికమునకో, ఉగాదికో నాలుగిండ్లవారు కూడి, పెద్ద పెద్ద అల్యూమినియము ట్రేలలో పులిహోర కలిపి, నిరాశ్రయుల శరణాలయమునకు కొనిపోయి, చేతులకు తొడుగులు వేసికొని, వరుసగా నిలిచి వడ్డించి వచ్చుట నేను చాలకాలముగా చూచుచున్నాను. ఆ పనిలో నాకును కొంత పాలు గలదు. అన్నము పెట్టుటలో మనకు అలసట లేదు. మనకు కష్టముగా తోచునది వేరొకటి యున్నది.

ఈ లోయలో ఎల్ కామినో రియల్ అను పాత బాట యొకటి పోవును. మన దోసె హోటళ్లు, కిరాణా కొట్లు పెక్కు ఆ బాట పొడుగుననే యున్నవి. పాలో ఆల్టో మొదలు శాన్ హోసే తూర్పు కొస వరకు ఆ బాట మీదుగా పోవు 22వ నంబరు బస్సు రేయింబవళ్లు నడచుటకు ప్రసిద్ధి. పగలు అది అందరి బస్సు. అర్ధరాత్రి దాటిన పిమ్మట, పడుకొనుటకు చోటు లేనివారు ఎక్కి, కిటికీ అద్దమునకు తల చేర్చి, ఒక కొస నుండి రెండవ కొస చేరులోపల కునుకు తీసి, కొస రాగానే అందరును దిగవలెనన్న డ్రైవరు కేక విని లేచి, చలిలో కొంతసేపు నిలిచి, మరల బస్సెక్కి, వచ్చిన దారినే తిరిగి పోవుచు తెల్లవార్చుకొందురు. దానికి ‘హోటల్ 22’ అని పేరు వచ్చినది. 2014లో ఎలిజబెత్ లో అను దర్శకురాలు ఆ పేరుతోనే ఒక లఘుచిత్రము తీసినది. ఒక శీతకాలపు రాత్రి నేనును ఆ బస్సులో పోవలసి వచ్చెను. నా ప్రక్క కూర్చున్న పెద్దాయన ఒడిలో వంటవారు కట్టుకొను తెల్లని ఏప్రను మడిచి పెట్టియుండెను. తెల్లవారగానే పనిలో చేరవలెనట. అతడు నన్ను డబ్బు అడుగలేదు. కొస వచ్చుటకు కొంచెము ముందుగా తన్ను తట్టి లేపుమని మాత్రము అడిగెను. కేక విని ఉలికిపడి లేచుట తనకు సరిపడదట.

పని యున్నవానికి ఇల్లెందుకు లేదని ఊరినుండి క్రొత్తగా వచ్చిన చుట్టములు నన్ను అడుగుదురు. ఉద్యోగములను వేలకువేలుగా రప్పించుకొన్న ఈ ఊళ్లు వానికి తగినన్ని ఇండ్లను కట్టనీయలేదు. నివాసభూమిలో అధికభాగమును ఒక స్థలమునకు ఒక ఇల్లే యను నియమమునకు కట్టివేసినవి. అద్దెలు మిన్నంటినవి. ఆ అద్దెలు చెల్లింపగలిగి, చెల్లించి, వానిని మరింత పైకి ఎగద్రోసినవారిలో మనమును ఉన్నాము. పిచ్చి, మద్యము, మత్తుమందులు కారణములు కావని నేననను. కాని అవి అద్దెలు తక్కువైన ఊళ్లలోను గలవు, అచ్చట వీథులలో ఇందరు పడియుండరు. 2024 జనవరిలో దేశమంతట ఒక రాత్రి తీసిన లెక్కలో 7,71,480 మంది నిరాశ్రయులు తేలిరి. వారిలో 1,87,084 మంది, అనగా నలుగురిలో ఒకరు, ఈ కాలిఫోర్నియాలోనే యుండిరి.

ఇందరిని కంటికి కనబడకుండ చేయుటకై లోకము పన్నిన ఉపాయములు అన్నియిన్ని కావు. బస్సు స్టాపులలో బల్లకు నడుమ ఇనుప కమ్మీ బిగింతురు. చేయి ఆన్చుకొనుటకని చెప్పుదురు, మనిషి నడుము వాల్చకుండుటకని అందరికిని తెలియును. కయోటీ వాగు గట్టున చెట్లలో గుడారములు వేసికొని ‘జంగిల్’ అను పేట కట్టుకొన్న సుమారు మూడువందల మందిని 2014 డిసెంబరు 4న శాన్ హోసే నగరమువారు లేవగొట్టిరి. కొందరికి అద్దె సాయము దొరకినది, తక్కినవారు అదే వాగు వెంబడి ఎగువకును దిగువకును చెదరిరి. ఆరెగాన్ రాష్ట్రములోని గ్రాంట్స్ పాస్ అను చిన్న ఊరు, ఉద్యానములలోనో వీథులలోనో దుప్పటి పరచి బస చేసినవానికి 295 డాలర్ల జరిమానా విధింపజూచినది. వేరొక చోటు చూపకుండ నిద్రకు శిక్ష యేమని వ్యాజ్యము నడువగా, 2024 జూన్ 28న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆ ఊరి పక్షముననే తీర్పు చెప్పినది. చేతిలో పైసా లేనివాడు జరిమానా ఎట్లు కట్టునన్నది ఆ కోర్టు తేల్చవలసిన ప్రశ్న కాకపోయెను.

ఇట్లని ఈ జిల్లా ప్రజలు కఠినహృదయులా? కారు. 2016 నవంబరులో, చౌక యిండ్ల నిర్మాణమునకై 95 కోట్ల డాలర్ల ఋణము తెచ్చి, దానిని తమ ఆస్తిపన్నులలోనుండి తీర్చుటకు వీరు మూడింట రెండువంతులకు పైగా ఓట్లు వేసి ఒప్పుకొనిరి. డబ్బీయుటకు ఒప్పుకొనిరి, తీరా ఆ డబ్బుతో కట్టవలసిన ఇంటికి స్థలము చూడబోగా, ప్రతి పేటవారును ప్రక్క పేటను చూపసాగిరి.

మా పేటలోను అట్లే జరిగినది. నిరాశ్రయులకు ఇండ్లు కట్టదలచిన స్థలము పేరు బయటపడిన సాయంకాలమే వాట్సాపులో దానిని వలదను అర్జీ తిరిగెను. తెలుగు పేర్లు అందులో తక్కువ లేవు. మా వీథిలోనే ఇల్లు కొనుక్కొన్న యువకుడు, శరణాలయపు వడ్డనలో నాతోపాటు నిలుచువాడు, నా యొద్దకు వచ్చి, “అంకుల్, మీరు కూడా సంతకం పెట్టండి. వాళ్లకు మనం వ్యతిరేకం కాదు, ఇక్కడ వద్దంటున్నాం, అంతే” అనెను. “మరి ఎక్కడ కట్టమందాం, బాబూ?” అని అడిగితిని. ఫ్రీవేకు అవతల నున్న పేటను చూపెను. అచ్చటివారి అర్జీ అప్పటికే నగరసభకు చేరియుండెను.

గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిన కథను ఇచ్చటి మన పిల్లలకును చెప్పుచున్నాము. ఆ కథలో మనము చప్పున దాటిపోవు అంశమొకటి గలదు: నది దాటి వచ్చిన బాటసారి ఆమె యింటికే వచ్చెను, విస్తరి ఆమె యింటనే పడెను. పూర్వపు సత్రములును అన్నముతోపాటు అరుగును ఇచ్చినవే. ఆ అరుగులు ఎల్లరకును సమముగా లభించెనని చెప్పజాలను. కులమడిగి పంక్తి చూపిన సత్రములు మన దేశమున తక్కువ కావు, ఆ సిగ్గు మనకున్నది. అయినను, ఆకలిగొన్నవాడు తన గడప చెంతకు వచ్చుట గృహస్థునకు కీడని మాత్రము మనవారు తలపలేదు.

ఆ యువకుని భయమును నేను తేలికగా తీసికొనను. ముప్పదియేండ్ల అప్పుతో కొన్న ఇల్లు, బడికి నడచిపోవు పసిపిల్లలు, ఉద్యోగము పోయినచో అరువది దినములలో మరొకటి వెదకుకొననిదే దేశములో నిలువనీయని వీసా. అతని కాళ్ల క్రింది నేలయును గట్టిది కాదు. కాని అతడు భయపడుచున్నది ఎవరిని చూచి? వీథిలో తిరుగువానిని చూచి. ఇప్పుడు కట్టబోవు కట్టడములో ఆ తిరుగువాడే ఒక గదికి తాళపుచెవి గలవాడై, రాబడిలో ఇంత భాగమని అద్దె కట్టుచు, క్రిందనే కూర్చుండు సహాయకుని పలుకరించుచు నివసించును. దానిని వలదంటిమా, అతడు మనము భయపడినట్లే వీథిలోనే మిగులును. ఈ మాటయే నగరసభవారి బహిరంగ విచారణలో నా వంతు వచ్చినప్పుడు చెప్పి, కట్టుడంటిని.

ఆ యువకుడును వచ్చెను. తనకిచ్చిన రెండు నిమిషములలో ఇంటి ధర ప్రస్తావన తేలేదు; రాత్రి కావలి ఎవరుందురు, బడి పిల్లలు పోవు దారికి ఏ ద్వారము తెరచుకొనును, ఫిర్యాదున్నచో ఎవరికి ఫోను చేయవలెనని అడిగెను. అధికారులు సమాధానములు చెప్పిరి, అతడు ఫోనులో వ్రాసికొనెను. అర్జీలోనుండి తన పేరు తీసివేయలేదు. సభవారు ఓటును మరుసటి నెలకు వాయిదా వేసిరి.