గ్యాస్‌కు పెట్టే డబ్బు, లీకుకు పెట్టే డబ్బు

ఎండలు ముదిరేసరికి మా గౌలిపురా గల్లీల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "ఏసీల గ్యాస్ అయిపోయింది." ఇంటికి మూడు వేలో, మూడున్నర వేలో ఖర్చు. మళ్లీ ఏడాది అదే మాట, అదే ఖర్చు. నిజానికి ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. గదిలోని వేడిని లాగి బయట పారబోయడానికి అదే గ్యాస్ ఆ రాగి గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. లీకు చూపించకుండా గ్యాస్ నింపుతానంటే రూపాయి ఇవ్వకూడదన్నది నా ఇంటి లెక్కల్లో నేను పెట్టుకున్న నియమం.

మా ఇంట్లో కింది భాగం డంగుసున్నపు గోడలు, ఎత్తైన కప్పు. మే నెలలో కూడా ఫ్యానుతో గడిచిపోతుంది. పైన తర్వాత వేసిన స్లాబు గది మాత్రం సాయంత్రానికి కాలిపోతుంటుంది. అక్కడ ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ పెట్టించాం. నాలుగో ఏడు ఏప్రిల్‌లో బిల్లు చూస్తే తేడా తెలిసింది. గది చల్లబడుతూనే ఉంది, యూనిట్లు మాత్రం పెరిగాయి.

ఇక్కడే ఇన్వర్టర్ ఏసీతో చిక్కు. సరిగ్గా ఉన్నప్పుడు గది చల్లబడగానే కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది. గ్యాస్ కొద్దిగా తగ్గితే ఆ లోటు పూడ్చడానికి రాత్రంతా గట్టిగా తిరుగుతుంది. మనకు చల్లదనంలో తేడా తెలియదు, మీటర్‌కు తెలుస్తుంది. మన తెలంగాణలో ఆ తేడా ఖరీదైనది. నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జి 820 రూపాయలు. 210 కాలిస్తే శ్లాబు మారిపోయి మొదటి 200 యూనిట్లకే 1,020 పడుతుంది, పైన పదికి 77. అంటే పది యూనిట్ల ఖరీదు 277 రూపాయలు. గృహజ్యోతి కింద ఉచితంగా వాడుకునే ఇళ్లకైతే 200 దాటిన నెల బిల్లు మొత్తం మీద పడుతుంది.

అందుకే మెకానిక్ కన్నా ముందు కోఠి గుజరాతీ గల్లీలో చిన్న డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. తలుపులు మూసి, ఏసీ పావుగంట నడిచాక, లోపలికి పీల్చుకునే గాలి ఎంత వేడో, బయటికి వదిలే గాలి ఎంత చల్లనో కొలిచాను. మంచి ఏసీలో ఆ రెంటికీ పది డిగ్రీలు అటూఇటుగా తేడా ఉండాలి. మాది ఆరు దగ్గరే ఆగింది. ఫిల్టర్ కడిగి మళ్లీ కొలిచినా ఆరే.

మొదట వచ్చిన కుర్రాడు చేత్తో గాలి చూసి, "గ్యాస్ తక్కువుంది సార్, కొట్టేస్తా" అన్నాడు.

"లీకెక్కడుందో చూపిస్తవా తమ్మీ?"

"సీజన్ల అదంతా టైం పడ్తది సార్."

చూసినందుకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపించాను. తర్వాత శాలిబండ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అందరూ చాచా అంటారు. గేజీ తీయకముందే ఔట్‌డోర్ పక్కన కూర్చుని పైపులు కలిసే చోట గుడ్డతో తుడిచాడు. సన్న పైపు నట్టు చుట్టూ నల్లటి జిడ్డు. "దేఖో సాబ్, గ్యాస్ ఒక్కటే పోదు, నూనె గూడ పోతది. నూనెకు దుమ్ము అంటుకుంటది" అన్నాడు. సబ్బు నురగ రాశాడు. కాసేపటికి నట్టు అంచున ఆవగింజంత బుడగ లేచి, పెరిగి, పగిలింది. అదే చోట మళ్లీ ఇంకొకటి.

ఆ పైపు చివర కోసి కొత్తగా ఫ్లేర్ చేశాడు, నైట్రోజన్ పెట్టి పరీక్షించాడు, పంపుతో గాలీ తేమా లాగేశాడు. ఆపైన సిలిండర్‌ను తూకం మీద పెట్టి గ్యాస్ ఎక్కించాడు. ఔట్‌డోర్ మీది పట్టీలో ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. మాది ఆర్-32. అన్నీ కలిపి నాలుగున్నర వేలు అయింది. ఊరికే గ్యాస్ కొట్టించుకునే ధర కన్నా ఎక్కువే, కానీ వచ్చే ఏడు మళ్లీ పెట్టాల్సిన ఖర్చు కాదు.

తేడా తొమ్మిదికి వచ్చింది గానీ మధ్యాహ్నం మళ్లీ తగ్గేది. కారణం మన బస్తీల ఇరుకు. ఔట్‌డోర్ ఎదురుగా అడుగు దూరంలో పక్కింటి గోడ. వదిలిన వేడిగాలి గోడకు తగిలి వెనక్కొస్తే దాన్నే మళ్లీ పీల్చుకుంటోంది. చుట్టూ ఎంత వేడిగా ఉంటే కంప్రెసర్‌కు అంత శ్రమ. దాన్ని డాబా మీదికి మార్పించాను. పైపు అడుగుల లెక్కన ఖర్చయింది, సంతోషంగానే ఇచ్చాను.

ఈలోగా ఇంట్లో ఇంకో ఆలోచన నడిచింది: జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 28 శాతం నుంచి 18కి దిగింది కదా, కొత్త ఫైవ్ స్టార్ కొంటే పోదా అని. బీఈఈ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1,600 గంటల వాడకానికి. షాపులో చూసిన కొత్తదానికీ మాదానికీ లేబుల్ ప్రకారం తేడా సుమారు 200 యూనిట్లు. మేం నడిపేది ఐదు నెలలు, రాత్రికి ఆరు గంటలు, అంటే 900 గంటలు. ఆ లెక్కన మిగిలేది 110 యూనిట్ల పైచిలుకు, యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా ఏడాదికి వెయ్యి రూపాయలు. వెయ్యి కోసం నలభై వేలు పెట్టడం దండగ. ఆ డబ్బు ఎఫ్‌డీలోనే ఉంచి, స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినా, 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు. మన చిన్న డాబాలకే అది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఏసీ ఉంటే శివరాత్రి లోపే ఒకసారి నడిపి కొలిచి చూడండి. తేడా తక్కువగా ఉంటే అప్పుడే మెకానిక్‌ను పిలవండి. ఏప్రిల్‌లో అతనికి నట్టు తుడిచి చూసే తీరిక ఉండదు, ఫిబ్రవరిలో ఉంటుంది.